విల్లుబండి నుంచి ఎస్‌యూవీ దాకా: బండి చేసే శబ్దం కథ



ఈమధ్య మనవాళ్ళల్లో చాలామంది పాత ఎస్‌యూవీలు కొంటా ఉన్నారు. కులదైవం గుడికి ఇంటిల్లిపాదీ ఒకే బండిలో పోవచ్చునని ఆశ. కొన్న రెండు నెలలకే "గుంతలో దిగితే టక్ టక్ అంటాది, ఏం చేసేది?" అని అడుగుతారు. ఆ శబ్దానికి ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే డబ్బు మిగులుతుంది, ఒక్కోసారి ప్రాణమూ మిగులుతుంది.

మన తాతల కాలంలో మామూలు ఎద్దుబండిలో కూర్చుంటే రోడ్డుమీద ప్రతి రాయీ నడుముకు తెలిసేది. ఉన్నవాళ్ళ ఇండ్లల్లో మాత్రం విల్లుబండి ఉండేది. ఇనుప పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి, విల్లు మాదిరి వంచి, ఇరుసుకూ బండికీ నడుమ బిగించేవారు. 1893లో తిరువాన్కూరులో దళితులను రానియ్యని దారిలో అయ్యంకాళి విల్లుబండి ఎక్కే పోయినారు. ఆ బండికి ఎంత మర్యాద ఉండేదో దాన్నిబట్టి తెలుస్తుంది.

మోటారు బండ్లు వచ్చినాక అదే విల్లు కమాను కట్ట అయింది. 1920లో మన జి.డి. నాయుడు గారు పొల్లాచ్చి, పళని నడుమ బస్సు తానే నడిపినారు. ఆ కాలం బస్సులకు కమాను కట్టలే ఆధారం. తర్వాత వచ్చిన విల్లీస్ జీపుకూ నాలుగు మూలలా అవే. కమాను కట్టలో ఒక సుళువు ఉంది: బరువు మోసేదీ అదే, ఇరుసును చోటు కదలకుండా పట్టుకునేదీ అదే. అందుకే దానికి శబ్దాలు తక్కువ. పట్టీల నడుమ తుప్పు పడితే కిర్రుమంటుంది, చివర బుష్ అరిగితే టక్కుమంటుంది.

ఆపైన కాయిల్ స్ప్రింగ్ వచ్చింది. 1955లో పెరంబూరులో మొదలైన ఐసీఎఫ్ పెట్టెల కింద చూసినవాళ్ళకు అది తెలుసు. స్ప్రింగ్ ఒక్కటే ఉంటే పెట్టె ఎగురుతానే ఉంటుంది. దాన్ని అణిచేదానికి నూనె పోసిన డాష్‌పాట్ పెట్టినారు. కారులో షాక్ అబ్సార్బర్ చేసేదీ అదే పని.

1994లో వచ్చిన టాటా సుమోకు వెనక ఇంకా కమాను కట్టలే. 1998లో సఫారీకి వెనక కాయిల్ స్ప్రింగ్ వచ్చింది. ప్రయాణం మెత్తనైంది. అయితే కాయిల్ స్ప్రింగ్ బరువు మోస్తుందే కానీ చక్రాన్ని చోట్లో పట్టుకోలేదు. దానికి ఆర్మ్‌లు, లింక్ రాడ్‌లు, బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు కావలసి వచ్చినాయి. సుఖం పెరిగింది, కీళ్ళూ పెరిగినాయి. కీళ్ళు ఎన్నో శబ్దాలు అన్ని.

చిన్న చిన్న గుంతల్లో టక్ టక్ అంటే చాలాసార్లు లింక్ రాడ్. బ్రేకు వేసినప్పుడు ధడ్ అంటే ఆర్మ్ బుష్ కావచ్చు. నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే టంగుమంటే స్ట్రట్ పైన ఉండే మౌంట్ చూడాలి. వేగంతోపాటు గుయ్‌మని పెరిగితే వీల్ బేరింగ్. బాల్ జాయింట్ ఆడుతా ఉంటే ఒక్కరోజు కూడా నడపరాదు. అది ఊడితే చక్రం మడుచుకుంటుంది.

రైల్వేలో రోలింగ్ ఇన్ పరీక్ష అని ఉంది. బండి స్టేషనులోకి వస్తా ఉండగానే పట్టాలకు రెండు పక్కలా సిబ్బంది కూర్చొని చక్రాలు చూస్తారు, శబ్దం వింటారు. నిలబడిన బండి చెప్పని సంగతి కదిలే బండి చెబుతుంది. పాత ఎస్‌యూవీ కొనేటప్పుడూ అంతే. అమ్మేవాళ్ళు నున్నటి రోడ్డులోనే తిప్పి చూపిస్తారు. మీరు చెడ్డ రోడ్డుకు తీసుకపోండి. పాట, ఏసీ ఆపి, అద్దాలు దించి, గోడ పక్కన మెల్లగా నడపండి. గోడకు తగిలి శబ్దం తిరిగి వస్తుంది. దానికి ముందు జాకీ, స్టెప్నీ గట్టిగా ఉన్నాయా చూడండి. సగం శబ్దాలు వాటివే. షాక్ అబ్సార్బర్ మీద నూనె తడి ఉందా చూడండి. కిలోమీటర్లు తక్కువ తిరిగిందని మురిసిపోవద్దు. నిలబడిన బండికీ రబ్బరు వయసుతో గట్టిపడి పగులుతుంది.

మా అల్లుడి బండికి ఒక షెడ్డులో షాక్ అబ్సార్బర్లు, ఆర్మ్‌లు అన్నీ మార్చాలని వేలల్లో లెక్క రాసి ఇచ్చినారు. ఇంకొక ముసలి మెకానిక్కు పక్కన కూర్చొని అర కిలోమీటరు పోయి, దిగి, లింక్ రాడ్ ఒక్కటి మార్చినాడు. శబ్దం పోయింది. ఆయన చదువుకున్నది బస్సు షెడ్డులో, చెవితో.

కోయంబత్తూరు, మదురై పక్కల మన ఇండ్లల్లో బస్సు షెడ్డు, లారీ షెడ్డు, లేతు పట్టడల్లో పని చేసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ళకు తెలిసిన శబ్దాలను ఎవరూ రాసి పెట్టలేదు. మీ ఇంట్లో అట్లాంటివాళ్ళు ఉంటే అడగండి. ఏ శబ్దానికి ఏ కీలు అని వాళ్ళు చెప్పింది ఇక్కడ రాయండి. తెలుగు రాత రానివాళ్ళు గొంతు రికార్డు చేసి పంపండి, నేను రాసి పెడతాను.