కేసు ఓడి పేరు మిగిలింది

జలంధర్‌లో గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి ఉండేది. 1953 నాటి పంజాబ్ భూచట్టం మనిషికి 30 ఎకరాలు వదిలి, కొంత కౌలుదార్లకు పోగా మిగతాది మిగులు భూమి అంది. 1964లో 17వ సవరణతో పార్లమెంటు ఆ చట్టాన్ని రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూల్లోకి ఎక్కించింది. అప్పట్లో కోర్టు చేతికి అందని అటక అది.

ఆ కుటుంబం సుప్రీంకోర్టుకెక్కింది. కేసు 11 మంది న్యాయమూర్తుల ముందుకొచ్చింది. పెద్ద కుర్చీలో ఉన్నది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైతే దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే.

పేచీ అంతా ఒక్క మాట మీద. ప్రాథమిక హక్కులను హరించే 'చట్టం' చెల్లదని 13వ అధికరణం చెబుతుంది. మరి రాజ్యాంగ సవరణ కూడా చట్టమేనా? కాదని 1951లోనూ, 1965లోనూ ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. 1967 ఫిబ్రవరి 27న ఆరుగురు అవునన్నారు, ఐదుగురు కాదన్నారు. హక్కుల జోలికి పార్లమెంటు రాకూడదని తేలిపోయింది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఆ మాట వెనక్కి కూడా వర్తిస్తే, 1951 నుంచి జరిగిన భూసంస్కరణలన్నీ కూలతాయి. పంచిన భూములు మళ్లీ ఎవరి పాలవ్వాలి? అందుకే సుబ్బారావు అమెరికా కోర్టుల నుంచి ఒక పద్ధతి తెచ్చుకున్నారు: తీర్పు నేటి నుంచే, పాత సవరణల జోలికి పోవద్దు. దాంతో గోలక్‌నాథ్‌లు వాదన నెగ్గారు, పిటిషన్ ఓడారు.

తీర్పిచ్చి రెండు నెలలైనా కాకముందే సుబ్బారావు రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడారు. తీర్పు ఎంత గట్టిదైనా, ఆ తొందర నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పార్లమెంటు ఊరుకోలేదు. 1971లో 24వ సవరణ తెచ్చి, సవరణలకు 13వ అధికరణం వర్తించదంది. సవరణ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం తెలిపి తీరాలనీ రాసుకుంది. సుబ్బారావు ఆశించిన కుర్చీకి అలా ఓ ముకుతాడు పడింది.

1973 ఏప్రిల్ 24న, ఆ సవరణనూ సవాలు చేసిన కేశవానంద భారతి కేసులో, 13 మందిలో ఏడుగురు మధ్యేమార్గం పట్టారు: ఏ అధికరణాన్నైనా సవరించుకోండి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపొద్దు. ఆ ఏడుగురిలో మన పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. ప్రభుత్వం జవాబు వెంటనే వచ్చింది. ఆ ఏడుగురిలోని ముగ్గురు సీనియర్లను దాటేసి, వారితో ఏకీభవించని ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసింది.

ఎమర్జెన్సీలో, 1975 నవంబరులో, అదే రే మౌలిక స్వరూపాన్ని తిరగదోడడానికి మళ్లీ 13 మందితో బెంచి వేశారు. రెండు రోజులు వాదనలు విన్నారు. ఆ పైన బెంచిని ఎత్తేసిందీ ఆయనే.