ఆరిపోయిన చుక్క

సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో, కొండ మీద నిలబడి ఉన్నారు మీరు. కింద కనిపించే నీళ్ల పేరు ఐరన్ బాటమ్ సౌండ్. రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన ఓడలు ఇంకా ఆ అడుగునే ఉన్నాయి. వెనక ఉన్న భవనం పసిఫిక్ దీవుల ఫోరం ఫిషరీస్ ఏజెన్సీది. ఆ సంస్థ 1979లో పుట్టింది, ఇప్పుడు 17 దేశాలు, ప్రాంతాలు సభ్యులు.

బయట ఉక్కపోత. లోపలి గదిలో పెద్ద తెర, నీలం మీద వందల చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో చేపల ఓడ. ఓడలో బిగించిన పెట్టె తానెక్కడుందో చెబుతుంటుంది.

ఒక చుక్క ఆరిపోయింది.

ఎవరూ కంగారు పడరు. పెట్టె పాడై ఉండొచ్చు, కావాలనే ఆపేసి ఉండొచ్చు. ఉపగ్రహ రాడార్ చిత్రం తెప్పిస్తారు. చుక్క లేని చోట ఓడ కనిపిస్తే, చూసి రమ్మని విమానానికి కబురు.

తెర మీద దేశాల హద్దులు గీతలుగా ఉన్నాయి. నీళ్ల మీద ఉండవు. దీవుల దేశమైన కిరిబాటినే చూడండి. నేల 811 చదరపు కిలోమీటర్లు, సముద్రం దాదాపు 35 లక్షలు. భారతదేశం నేలంతా కలిపినా అంత లేదు. ప్రభుత్వానికి వచ్చే డబ్బులో సింహభాగం చేపల లైసెన్సులదే. దొంగ వలలో పడే ప్రతి ట్యూనా అక్కడి బడికో ఆసుపత్రికో చెందాల్సిన సొమ్ము. అంత నీటికి ఒంటరిగా కాపలా ఎవరి తరం? అందుకే ఈ ఏజెన్సీ సభ్యుల మధ్య 1992లో కుదిరిన నియూ ఒప్పందం నాకు అంత విలువైనదిగా కనిపిస్తుంది. ఒకరి బోటు, ఒకరి అధికారి, ఒకరి సమాచారం ఇంకొకరి నీళ్లలో పనికొచ్చేలా అది దారి వేసింది.

ఇప్పుడు గస్తీ బోటులోంచి, చుక్క ఆరిపోయిన ఆ ఓడ తాళ్ల నిచ్చెన పట్టుకోండి. అల లేచినప్పుడే కాలు పెట్టాలి. డెక్ మీద డీజిల్, చేప కలగలిసిన వాసన. అడుగున చలి గదిలో మీ ఊపిరి పొగలా లేస్తుంది. గడ్డకట్టిన ట్యూనాలు కర్ర దుంగల్లా పడి ఉన్నాయి. అధికారి లాగ్‌బుక్ తెరిచి, తడి వేలు ఒక్కో వరుస మీదా జరుపుతూ, చేపల కుప్ప వైపు చూస్తాడు. మళ్లీ పుస్తకం వైపు. కెప్టెన్ మాట్లాడడు.

తర్వాత ఆ పెట్టె దగ్గరికి వెళ్తాడు. ఊడిన తీగ వేలాడుతోంది. దాన్ని ఫోటో తీసి, హోనియారాకు ఫోన్ కలుపుతాడు.