గోమా, 1994: జాబితా ఎవరి చేతిలో ఉంది?

శరణార్థుల కోసం ఇచ్చే డబ్బు చివరికి ఎవరికి చేరుతుంది అని చాలామందికి అనుమానం ఉంటుంది కదా. దీనికి సంబంధించిన ఒక పాత సంగతి ఈరోజు చెప్పుకుందాం.

1994 జూలై. రువాండాలో టుట్సీల ఊచకోత వంద రోజులు సాగాక తిరుగుబాటు సైన్యం ఆర్‌పీఎఫ్ గెలిచింది. హుటూ జనం సరిహద్దు దాటి పారిపోయారు. అప్పటి జైర్‌లో, అంటే ఇప్పటి కాంగోలో, గోమా అనే ఊరి చుట్టూ కొద్ది రోజుల్లోనే లక్షల మంది వచ్చి పడ్డారు. వెంటనే కలరా. టీవీల్లో ఆ శవాల గుట్టలు చూసి ప్రపంచం కదిలిపోయింది, స్వచ్ఛంద సంస్థలు పదుల కొద్దీ దిగాయి.

అయితే వచ్చినవాళ్లలో చంపినవాళ్లూ ఉన్నారు. పాత సైన్యం, ఇంటరహామ్వే ముఠాలు, ఊళ్లను ఏలిన అధికారులు. సంస్థలవాళ్లకు భాష రాదు, మనుషుల్ని లెక్కపెట్టే తీరిక లేదు. దాంతో జాబితా రాయడం, గింజలు పంచడం ఆ పాత పెద్దలకే అప్పజెప్పారు. వాళ్లు తలలు పెంచి రాశారు. మిగిలింది అమ్ముకున్నారు, ముఠాలకు పెట్టారు. మగదిక్కు లేని ఇళ్లకు తక్కువ దక్కింది. బోగస్ రేషన్ కార్డుల గురించి తెలిసిన మనకు ఇదేం కొత్త కాదు. కాకపోతే అక్కడ డీలర్ వెనక తుపాకి ఉంది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఇన్ని టన్నులు కొన్నాం, లారీల్లో పంపాం, దించి సంతకం తీసుకున్నాం... దాతకు చూపించే కాగితంలో లెక్క సరిపోతుంది. ఆ సంతకం పెట్టినవాడు ఎవడు, ఆ తర్వాత గింజలు ఎటు పోయాయి అన్నది ఆ కాగితంలో ఉండదు.

1994 నవంబరులో ఎంఎస్ఎఫ్ ఫ్రాన్స్ విభాగం, మా సాయం హంతకులకు బలమవుతోందని బహిరంగంగా చెప్పి శిబిరాలు వదిలేసింది. చాలా సంస్థలు ఉండిపోయాయి. ఆకలితో ఉన్న పిల్లల్ని వదిలి ఎలా పోతాం అన్నది వాళ్ల బాధ. అదీ కాదనలేం. కానీ కారణం దాచకుండా చెప్పి వెళ్లడం, నాకైతే, చందా ఇచ్చినవాళ్లకు అప్పజెప్పిన అసలైన లెక్కలా అనిపిస్తుంది. 1995లో ఐరాస శరణార్థుల సంస్థ జైర్ సైనికులకే డబ్బిచ్చి కాపలా పెట్టింది. 1996 చివర్లో యుద్ధం వచ్చి శిబిరాలు చెదిరిపోయాయి.

ఆ తర్వాత నియమాలు రాయడం ఊపందుకుంది. 1997లో స్ఫియర్ ప్రాజెక్టు మొదలై, మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు లాంటి కొలతలు పెట్టింది. సాయం అందుకునేవాళ్లకు కూడా జవాబు చెప్పాలంటూ 2003లో జెనీవాలో హెచ్ఏపీ అనే సంస్థ ఏర్పడింది. "నాకు అందలేదు" అని ఆ మనిషి ఫిర్యాదు చేసుకునే దారి ఉండాలన్నది దాని సూత్రాల్లో ఒకటి. గోమా జరిగి అప్పటికి తొమ్మిదేళ్లు.