ఏ.సి. పంపు కథ: పాత కారులో పెట్రోలు ఒత్తిడి



అంబాసిడర్, ఫియట్ కార్లు జోరుగా తిరిగిన రోజుల్లో మెకానిక్ షెడ్డుకు వెళ్ళినవారికి ‘ఏ.సి. పంపు’ అన్న మాట బాగా పరిచయం. చల్లగాలి యంత్రానికీ దీనికీ సంబంధం లేదు. ట్యాంకులోని పెట్రోలును లాగి కార్బురేటర్‌కు అందించే చిన్న పంపు ఇది. ఆ రెండక్షరాలూ ఆల్బర్ట్ షాంపియన్ అనే ఫ్రెంచి దేశస్థుడి పేరులోని పొడి అక్షరాలు. 1899లో పారిస్–రూబే సైకిలు పందెం గెలిచిన ఆయన, తర్వాత అమెరికాలో స్థిరపడి, ఫ్లింట్ పట్టణంలో స్పార్క్ ప్లగ్గుల కంపెనీ పెట్టాడు. 1927లో కన్నుమూశాడు. ఆ కంపెనీ పంపు ఎంతగా వ్యాపించిందంటే, ఎవరు తయారుచేసినా మన షెడ్లలో అది ఏ.సి. పంపే అయింది.

బండి లాగకపోతే చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: “పంపు ప్రెషరు పెంచితే సరి!” ఇది ఎంతవరకు నిజం? జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టి కారులో పంపే లేదు. చాలా బండ్లలో ట్యాంకు సీటు కింద ఉండేది. పెట్రోలు తన బరువుతో తానే కార్బురేటర్‌లోకి దిగేది. నిటారు గట్టు ఎక్కేటప్పుడు ఇంజను పైకి, ట్యాంకు కిందికి అయ్యేవి. ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే బండి ఆగిపోయేది. అందుకని డ్రైవర్లు బండిని తిప్పి, రివర్సు గేరులో కొండ ఎక్కేవారు.

ఇక్కడొక లెక్క చూడండి. మూడడుగుల ఎత్తున్న పెట్రోలు తన అడుగున కలిగించే ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు ఒక్క పౌను. కార్బురేటర్ పుట్టింది ఇంత స్వల్ప ఒత్తిడికే. అందులో తేలే ఫ్లోటు, దాని మీద ఆనే సూది, ఆ కొద్దిపాటి ఒత్తిడిని ఆపగలిగితే చాలు.

తర్వాత ట్యాంకును బండి వెనక్కి మార్చారు. ఇంజను పీల్పుతోనే పెట్రోలును పైకి లాగే వాక్యూమ్ ట్యాంకు వచ్చింది. ఇంగ్లండులో దీన్ని ఆటోవాక్ అన్నారు. కాని పొడుగాటి ఎత్తులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచితే ఇంజను పీల్పు తగ్గిపోతుంది. సరిగ్గా కావలసిన చోటే పెట్రోలు అందేది కాదు.

1920ల చివర ఏ.సి. పంపు వచ్చి ఈ చిక్కు తీర్చింది. దాని పనితీరు గమనించండి. ఇంజనులోని క్యామ్ షాఫ్టు ఒక మీటను నొక్కుతుంది. మీట డయాఫ్రమును కిందికి లాగుతుంది. పెట్రోలు లోపలికి వస్తుంది. దాన్ని కార్బురేటర్ వైపు నెట్టేది మాత్రం ఇంజను కాదు, డయాఫ్రము కింద ఉన్న స్ప్రింగు. ఫ్లోటు సూది మూసుకుంటే డయాఫ్రము కిందనే నిలిచిపోతుంది, మీట ఊరికే ఆడుతుంది. అంటే ఇంజను ఎంత వేగంగా తిరిగినా ఒత్తిడికి హద్దు స్ప్రింగే. అదే అందులోని తెలివి. మోరిస్ వంటి బ్రిటిష్ కార్లలో టిక్‌టిక్‌మనే ఎస్.యు. విద్యుత్ పంపులోనూ నెట్టేది స్ప్రింగే. ఇలాంటి చాలా కార్లకు కావలసిన ఒత్తిడి ఒకటిన్నర నుంచి నాలుగు పౌన్ల లోపే. టైరులో కొట్టే గాలి ఇరవై పౌన్ల పైమాట!

ఇప్పుడు సర్దుబాటు సంగతి. ముందు కొలవాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పంపుకూ కార్బురేటర్‌కూ మధ్య టీ ముక్కతో గేజి బిగించి, ఆ కారు పుస్తకంలోని అంకెతో పోల్చి చూడండి. దగ్గర్లో బీడీ, దీపం ఉండకూడదు. ఒత్తిడి ఎక్కువగా ఉంటే పంపుకూ ఇంజనుకూ మధ్య ప్యాకింగు మందం పెంచుతారు. మీట ఆట తగ్గి, స్ప్రింగు తక్కువగా నొక్కుకుంటుంది. ఒత్తిడి తగ్గుతుంది. తక్కువగా ఉంటే మొదట జాలీలో మట్టి, గొట్టంలో గాలి, వాల్వులు, డయాఫ్రము చూసుకోవాలి. డయాఫ్రము చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిల్లో కలిసి బేరింగులను తినేస్తుంది. ఆయిలు పుల్ల వాసన చూస్తే తెలిసిపోతుంది.

స్ప్రింగును సాగదీసి పెట్టడం మాత్రం మానుకోండి. సూది ఆపలేని పెట్రోలు పొంగి, వేడి మానిఫోల్డు మీద పడితే బండి తగలబడుతుంది.

మరొక మాట. ఎండాకాలం ఘాట్ రోడ్డులో బండి ఆగితే డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేవారు. అది సరైన వైద్యమే. వేడికి, పంపు పీల్పుకు, గొట్టంలోని పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ఆవిరిని లాగలేదు. అక్కడ ఎంత బలమైన స్ప్రింగు వేసినా లాభం లేదు, చల్లబరచడమే మందు. పంపును ట్యాంకు దగ్గరే పెట్టిన కార్లకు ఈ బాధ తక్కువ.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో విరమించింది. అదే ఏడాది మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. పాతకాలపు రబ్బరుకు ఇథనాల్ పడదు. డయాఫ్రము ఉబ్బి, పగులుతుంది. అందుచేత బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, మీ ఇంటి ముందు తాతగారి కారు ఇంకా ఉంటే, ఇథనాల్‌కు తట్టుకునే డయాఫ్రము వేయించి, ఆ తర్వాతే ఒత్తిడి చూడండి. ఈ పని చేతికి తెలిసిన పాత మేస్త్రీ మీ ఊళ్ళో ఉంటే, ఒక కుర్రవాణ్ణి పక్కన నిలబెట్టి చేయించండి. అంకెలు పుస్తకంలో దొరుకుతాయి, చేతివాటం మాత్రం చూసి నేర్చుకోవలసిందే.