నర్సమ్మ రిజిస్టరు నుండి ట్యాబు వరకు

శతజయంతి సంచికకు వైద్య పరిచర్య చరిత్రను వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, ఆసుపత్రి కట్టడముల కంటె ముందు నర్సమ్మ చేతిలోని పుస్తకమే మా మనస్సులో మెదిలినది.

క్రిమియా యుద్ధములో ఫ్లారెన్స్ నైటింగేల్ దీపము పట్టుకొని తిరిగినదని మన సండేస్కూలు పిల్లలు కూడ చెప్పుదురు. ఆమె లెక్కలు వ్రాసినదని చెప్పువారు తక్కువ. గాయములతో చనిపోయిన సైనికుల కంటె అరికట్టదగిన రోగములతో చనిపోయినవారే ఎక్కువని 1858లో ఆమె రంగుల పటములు గీసి చూపినది.

మన తెలుగునాట డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు చేరినారు. 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరువబడినది. ఆ గుంటూరు సీమకే నేడు మన ఆలూరు పల్లెల కుటుంబములు సుగ్గికి పోయి మిరపకాయలు కోయుచున్నవి. మనుష్యులు లారీ ఎక్కిపోవుదురు గాని ఉపకేంద్రములోని రిజిస్టరు వారి వెంట పోదు గదా!

ఈ చిక్కు తీర్చుటకే తల్లుల, బిడ్డల వివరములను కంప్యూటరుకు ఎక్కించు పని 2009లో దేశమందు మొదలైనది. 2016లో మన రాష్ట్రములో ఏ.ఎన్.ఎమ్.లకు 'అన్మోల్' అను ట్యాబులు ఇచ్చినారు. సిగ్నలు లేని పల్లెలో వ్రాసినది అందులోనే నిలిచి, సిగ్నలు దొరికినప్పుడు పైకి పోవును. అయినను చాలాచోట్ల రిజిస్టరు, ట్యాబు రెండును నింపవలసి వచ్చి నర్సుల పని ఇబ్బడి అయినది. ఈ మాట పైవారి చెవిన పడవలెను.

మా సంఘములోని ఒక తల్లి సుగ్గిలో బిడ్డ టీకాల కార్డు పోగొట్టుకొని వచ్చినది. ఆలూరులో వేసిన టీకాలన్నియు ట్యాబులో దొరికినవి. మిరపచేల దగ్గర వేసిన ఒక సూది మాత్రము లేదు. నర్సమ్మ విసుగుకొనలేదు. “ఏ చేతికి వేసిరమ్మా?” అని అడిగినది. “కుడిచేతికి.” “ఈస్టరుకు ముందా, తర్వాతనా?” బిడ్డకు అప్పటికి తొమ్మిది నెలలు నిండినవని లెక్క తేలినది. అది తట్టు టీకా అయి యుండునని ఊహించి, అక్కడి నర్సుకు ఫోను చేసి రూఢి చేసుకొన్న తరువాతనే ట్యాబులో ఎక్కించినది. మేము ప్రక్కనే కూర్చుండి చూచితిమి. ఆ ప్రశ్నలు ఏ యంత్రమును అడుగలేదు. ఆ యంత్రమే లేనియెడల మిగిలిన టీకాల జాడయు తెలియకపోవును.

అప్పటినుండి సుగ్గికి పోవు తల్లులకు, కార్డు మీది నంబరును బైబిలు అట్ట లోపల వ్రాసుకొనుమని మేము చెప్పుచున్నాము. వ్రాయనేరని వారికి మేమే వ్రాసి ఇచ్చుచున్నాము.