కోడిపిల్లల మేతలో వృక్ష మాంసకృత్తులు

కోడిపిల్ల త్వరగా పెరుగవలెనన్న మేతలో మాంసకృత్తులు పుష్కలముగా నుండవలెను. మాంసముకొరకు పెంచు బ్రాయిలర్ పిల్లల తొలి మేతలో ఇవి నూటికి సుమారు 22 పాళ్లు అవసరము. పూర్వము ఇందులకు చేపపొడి, మాంసపుపొడి వాడెడివారు. అవి ఖరీదైనవి, కోరినంత దొరకునవి కావు. నూనె తీయగా మిగిలిన చెక్కలో మాంసకృత్తులు దండిగా ఉన్నవి గదా, దానినే ఏల వాడరాదు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు ముప్పది సంవత్సరములకు పైగా పట్టినది.

1917లో అమెరికాలో ఆస్బర్న్, మెండెల్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలకు సోయాచిక్కుడు తినిపించి చూచిరి. పచ్చిది తిన్న ఎలుకలు సరిగా పెరుగలేదు. ఉడికించినది తిన్నవి చక్కగా పెరిగినవి. దీనికి కారణమేమి? 1945లో కూనిట్జ్ అను శాస్త్రజ్ఞుడు సోయా గింజలనుండి ఒక పదార్థమును స్ఫటికరూపమున వేరుచేసెను. క్లోమరసములోని ట్రిప్సిన్ మాంసకృత్తులను జీర్ణింపజేయును. ఈ పదార్థము ట్రిప్సిన్‌ను పట్టుకొని దాని పనిని అడ్డగించును. ఆ లోటు పూడ్చుటకై క్లోమము అధికముగా శ్రమించును. పచ్చిసోయా తిన్న కోడిపిల్లలలో క్లోమము పెద్దదగుటను 1948లో ప్రకటించిరి. తగినంత వేడి తగిలినచో ఈ నిరోధకము నశించును. వేడి మితిమీరినచో మాంసకృత్తులలోని లైసిన్ అను ఎమైనో ఆమ్లము చెడును.

అయినను కేవలము ధాన్యము, సోయా తిన్న పిల్లలు చేపపొడి తిన్నవానితో సమముగా ఎదుగలేదు. జంతుసంబంధమైన మేతలో ఏదో అజ్ఞాతాంశము కలదని తలచిరి. 1948లో అమెరికాలోను, ఇంగ్లండులోను బి12 విటమిను వేరుచేయబడుటతో ఆ రహస్యము చాలవరకు విడిపోయినది. ఈ విటమినును సూక్ష్మజీవులే తయారుచేయును, మొక్కలు చేయలేవు. దీనిని విడిగా కలిపినచో చేపపొడి అవసరము తగ్గును. సోయాలో కొరవడిన మిథియొనీన్ అను ఎమైనో ఆమ్లమును కర్మాగారములలో చేసి కలుపుటయు తరువాత అలవాటైనది.

వేరుసెనగ చెక్క మరియొక పాఠము నేర్పినది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు చనిపోయినవి. కారణము తెలియక దానిని 'టర్కీ ఎక్స్ వ్యాధి' యనిరి. వాని మేతలో బ్రెజిల్ నుండి వచ్చిన వేరుసెనగ చెక్క ఉండెను. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు అందులో విషమును చేర్చినదని పరిశోధనలవలన తేలినది. అఫ్లటాక్సిన్ అను పేరు ఆ బూజు పేరునుండియే పుట్టినది. సోయాలోని నిరోధకమువలె ఈ విషము వేడికి సులభముగా నశించదు. కావున వేరుసెనగ విరివిగా పండు రాయలసీమ వంటి ప్రాంతములలో కాయలను బాగుగా ఎండబెట్టి, తేమ తగులకుండ నిలువచేయుటయే మేలైన మార్గము.

మాంసకృత్తుల శాతము ఒక్కటే మేత విలువను తెలుపదు. అందు కొరవడినదేమి, దాగినదేమి, చేరినదేమి అనునదియు తెలిసినప్పుడే చెక్క మేతగా మారును.