దంత ఫ్లోరోసిస్ (ప్రకాశం మెట్ట ప్రాంతం)

తాగునీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించడం వల్ల పంటి పింగాణీ పొరపై తెల్లచారలు, గోధుమరంగు మచ్చలు, ముదిరితే గుంటలు పడే వ్యాధి. చిగుళ్ల లోపల పన్ను తయారవుతుండగానే ఇది పుడుతుంది. కాబట్టి ఎనిమిదేళ్లలోపు పిల్లలు తాగిన నీరే ముఖ్యం. ఎంత తోమినా మచ్చ పోదు.

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901 నుంచి దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే ఈ మచ్చలను గమనించాడు. కారణం ఫ్లోరైడేనని 1931లో రసాయనవేత్త చర్చిల్ తేల్చాడు.

తెలుగునాట దీని వైద్యచరిత్ర 1937తో మొదలవుతుంది. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, మద్రాసు వైద్యులు మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్‌లతో కలిసి నాటి నెల్లూరు జిల్లా మెట్ట పల్లెల రోగులను పరీక్షించి, ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వ్యాసం ప్రకటించాడు. మచ్చల పళ్లతోపాటు నడుము వంగని, మెడ తిరగని మనుషులను వారు చూశారు. ఎముకలు గట్టిపడిన తీరును ఎక్స్‌రేలలో చూపారు. 1932లో కోపెన్‌హాగెన్‌లో క్రయొలైట్ అనే ఖనిజం ధూళి పీల్చిన ఫ్యాక్టరీ కార్మికుల్లో కనిపించిన ఎముక జబ్బే ఇక్కడ బావినీటితో రైతులకు వచ్చింది. భారతదేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను నిరూపించిన తొలి పరిశీలన ఇదే. 1940లో సి.జి. పండిట్ బృందం దక్షిణాది జిల్లాల్లో దీన్ని కొనసాగించింది.

ఫ్లోరైడ్ గ్రానైట్ జాతి రాళ్లనుంచి భూగర్భజలంలోకి దిగుతుంది. అందుకే కృష్ణా నది కాలువలు పారే గుంటూరు డెల్టాకంటే దర్శి, పొదిలి, కనిగిరి మెట్టకే ఈ బెడద ఎక్కువ. ఎండలో పత్తి తీసే, మిరపకాయలు కోసే చోట నీరు తాగడమూ, దానితో ఒంట్లో చేరే ఫ్లోరైడూ ఎక్కువే.

అయితే లీటరు నీటికి సుమారు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ పిప్పిపళ్లను తగ్గిస్తుంది. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరం దాన్ని కోరి నీటిలో కలిపింది. భారత ప్రమాణం ప్రకారం అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పిప్పిపన్నుకు మూలం పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరనుంచి చేసే ఆమ్లం; ఫ్లోరోసిస్ మచ్చ వేరు.

నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో కొత్త ఒంగోలు జిల్లాలో (తర్వాత దాని పేరు ప్రకాశం) చేరాయి. ఆ దశకంలోనే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తొలగించే చవకైన నల్లగొండ పద్ధతిని రూపొందించింది. తర్వాత ఆర్‌ఓ ప్లాంట్లు, క్యాన్ నీళ్లు వచ్చాయి. శ్రీశైలం జలాశయంనుంచి నల్లమల సొరంగాల ద్వారా కృష్ణా నీరు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యాల్లో ఫ్లోరైడ్ పల్లెల తాగునీరు ఒకటి. మచ్చపడిన శాశ్వత దంతాలకు మాత్రం పైపొరను సన్నగా అరగదీయడం, కాంపోజిట్ పూత, తొడుగు వంటి చికిత్సలే ఉన్నాయి.